ఆగమాగానికి ఇంగ్లీషుల ఎన్ని పేర్లో!

మన బోథ్ దిక్కు ఇల్లంత చిందరవందర ఉంటే ‘ఆగమాగం’ అంటం. బస్సుకాడ జనం ఒకలనొకలు నూకుకుంటే ‘గత్తరబిత్తర’. పంచాయితీ ముదిరితే ‘లొల్లి’. లెక్క కలవకుంటే ‘గడ్‌బడ్’. పట్నంల సదువుకునే పిల్లలు ఈ మాటలు అననీకి సిగ్గుపడి ‘మెస్’, ‘కేయాస్’ అంటున్నరు. అనుండ్రి, తప్పేం లేదు. గని ఆ మాటలు ఏడికెల్లి వచ్చినయో జర తెల్సుకొని అనుండ్రి.

మెస్: పాత ఫ్రెంచిల దీనికి అర్థం ముంగట వెట్టిన వంటకం. తర్వాత కలిసి తినే జాగకు పేరైంది. మన హాస్టల్ మెస్ గట్లనే వచ్చింది. అన్ని కలిపిన కూడుకు సుత గదే పేరు పడ్డది, ఆఖరికి చిందరవందరకు అంటుకున్నది. మనం ‘పనంత కిచిడి అయింది’ అంటం సూడుండ్రి, గదే తొవ్వ.

కేయాస్: గ్రీకు మాట. మొదలు అర్థం నోరు తెరిసిన శూన్యం, అగాధం. సృష్టికి ముందు గదే ఉండెనని వాళ్ల పురాణం.

షాంబుల్స్: మాంసం అమ్మే బల్ల. తర్వాత కబేళా, తర్వాత నెత్తురు పారిన జాగ. ఇప్పుడు సర్దని అర్రను సుత గట్లనే అంటరు.

హావోక్: దండు ఊరి మీద వడ్డప్పుడు ‘ఇగ దోసుకోండ్రి’ అని సైనికులకు ఇచ్చే కేక.

బెడ్లం: లండన్ల 1247ల బెత్లెహేం పేరు మీద ఒక మఠం పెట్టిండ్రు. తర్వాత అది మానసిక రోగుల దవాఖాన అయింది. జనం పోయి రోగులను తమాష లెక్క సూసెటోళ్లు. బెత్లెహేం అన్న పేరు మామూలు జనం నోట్ల నలిగి బెడ్లం అయింది. అంటే డిక్షనరీలకు ఎక్కిన ఈ మాట ఒకప్పుడు లండన్ యాసనే! మన ‘గత్తర’ అంటే కలరా రోగం. ఊర్లకూర్లను ఊడ్సిన ఆ రోగం పేరే హడావుడికి పేరైంది. వాళ్ల మాట ఎక్కువనా, మన మాట తక్కువనా?

డిస్టర్బెన్స్: అన్నిట్ల బరువైన మాట ఇది. దీని వేరు లాటిన్ల ‘టర్బా’. దానికి గోల అనీ, గుంపు అనీ అర్థం. గుంపు కనవడితే గోల అనుకునుడు ఆ మాట పుట్టుకలనే ఉన్నది. 1978 సెప్టెంబర్ 7న దొరల వెట్టికి, దోపిడికి ఎదురు తిరిగిన రైతుకూలీలు జగిత్యాలల జైత్రయాత్ర తీసిండ్రు. గదే అక్టోబర్ల సర్కారు 1948 నాటి చట్టం బయటికి తీసి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ‘డిస్టర్బ్డ్ ఏరియా’ అన్నది. పేపర్లల ‘కల్లోలిత ప్రాంతాలు’ అని అచ్చయింది. ఒక్క మాటతోని పోలీసులకు కాల్సే అధికారం పెరిగింది. మరి వెట్టి చేసిన ఏండ్లు శాంతి ఉన్నట్టా?

మన జిల్లల 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల భూముల కోసం మీటింగుకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. సర్కారు లెక్కల సచ్చిపోయింది 13 మంది. హక్కుల సంఘాలు అంతకంటే శానా ఎక్కువ అన్నయి. కాయిదాల మీద అది ‘లా అండ్ ఆర్డర్’ సమస్య. భూమి పోయినోళ్ల ఇంట్ల మాత్రం దాని పేరు ‘ఆగమైపోయినం’.

తమ్మీ, చెల్లే, ఇంగ్లీషు మంచిగ నేర్వుండ్రి. ఆఫీసు కాయిదం సదవాల్నంటే అది గావాలె. గని ‘అలజడి’, ‘డిస్టర్బెన్స్’ అని ఏడ సదివినా ఒక్క ముచ్చట అడుగుండ్రి: ఈ పేరు ఎవలు పెట్టిండ్రు, ఎవలకు పెట్టిండ్రు? ఆగం చేసినోడు ఒకడు, ఆగమైనోడు ఇంకొకడు. మన మాటల ఈ రెండు వేరువేరుగ ఇనవడ్తయి. గందుకే ఆ మాటను ఇడిసిపెట్టకుండ్రి.