కదిలిన ఫొటోలు

1867లో తీసిన ఫొటో ఒకటుంది. చీకట్లోంచి ఒక ముసలాయన ముఖం బయటికొస్తూ ఉంటుంది. రేగిన తెల్లజుట్టు, కళ్ళ కింద ఉబ్బు, నుదుటి నిండా గీతలు. మెడ కింద అంతా నలుపే. ఆయన సర్ జాన్ హెర్షెల్, పేరుమోసిన ఖగోళ శాస్త్రవేత్త. ఫొటోలు చెరిగిపోకుండా నిలబెట్టే ‘హైపో’ గుణాన్ని కనిపెట్టిందీ ఆయనే. అంతటివాడిని కూర్చోబెట్టి పక్కన టెలిస్కోపు పెట్టలేదు, చేతికి పుస్తకం ఇవ్వలేదు. ఫొటోలో ఉన్నదల్లా ముఖం. చూస్తున్నకొద్దీ ఆయన ఎంత గొప్పవాడన్నది వెనక్కిపోయి, ఆ క్షణాన ఏం తలుచుకుంటున్నాడో అనిపిస్తుంది.

తీసింది జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో కలకత్తాలో పుట్టింది. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. భర్త చార్లెస్ హే కామెరాన్ మెకాలేతో పాటు ఇండియన్ పీనల్ కోడ్ ముసాయిదా మీద పనిచేసినవాడు (2024 దాకా మనల్ని ఏలిన ఐపీసీ అదే). 1848లో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. 1863 చివర్లో, ఆవిడకి 48 ఏళ్ళప్పుడు, కూతురూ అల్లుడూ కాలక్షేపానికి ఉంటుందని ఒక కెమెరా కొనిచ్చారు. వైట్ ద్వీపంలోని ఇంట్లో బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది, కోళ్ళ గూడు స్టూడియో అయింది.

అప్పటికి ఇంగ్లండ్‌లో ఫొటోల మోజు బాగా ముదిరింది. విజిటింగ్ కార్డు సైజులో నిలువెత్తు బొమ్మలు, డజన్ల లెక్కన. 1854లో పారిస్‌లో డిస్డెరి పేటెంట్ తీసుకున్న పద్ధతి. వెనక రంగుల తెర, పక్కన ఒక స్తంభం, తల కదలకుండా మెడ వెనక ఇనప ఊత. ఆ బొమ్మల్లో మనిషి హోదా కనిపిస్తుంది, కోటు కనిపిస్తుంది. ముఖం మాత్రం పెసరగింజంత.

కామెరాన్ ఆ లెక్కని తిరగేసింది. కెమెరాని ముఖం దగ్గరికి తెచ్చింది. 1866 నుంచి వాడిన పెద్ద కెమెరాలో గాజు పలక 15 అంగుళాలకి 12 అంగుళాలు, కాబట్టి ముఖం దాదాపు అసలు సైజులో పడేది. కిటికీలకి తెరలు కట్టి, వెలుగు ఒక పక్క నుంచే వచ్చేలా చేసేది. వెట్ కొలోడియన్ పద్ధతి అది: గాజు మీద జిగురు ద్రావకం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగేయాలి. అంత పెద్ద పలక, అంత తక్కువ వెలుగు. కూర్చున్నవాళ్ళు మూడు నుంచి ఏడు నిమిషాల దాకా కదలకుండా ఉండాల్సి వచ్చేది.

నాకు అసలు సంగతంతా ఈ నిమిషాల్లోనే ఉందనిపిస్తుంది. నలుగురి కోసం పెట్టుకున్న ముఖాన్ని ఎవరైనా ఎంతసేపని మోయగలరు? మొదటి నిమిషంలోనే దవడ సడలుతుంది. చూపు ఎదురుగా ఉన్నా మనసు ఎటో పోతుంది. ఊపిరికి తల అటూ ఇటూ కాస్త ఊగుతుంది. ఇప్పుడు మనం ‘ఫొటో కదిలింది’ అని డిలీట్ కొట్టేది దాన్నే. ఆవిడ అదే అట్టిపెట్టుకుంది. అదే ఏడాది తీసిన థామస్ కార్లైల్ ముఖం అంచులు కరిగి, చెక్కడం సగంలో ఆగిన రాయిలా ఉంటుంది. ఆ ముఖంలో మనం చూస్తున్నది లోపలి మథనమా, ఉత్త మెడనొప్పా అని అడిగితే చెప్పడం కష్టం. రెండూ కలిసే పలక మీద పడ్డాయి.

ఫొటోగ్రఫీ పత్రికలు ఆవిడని వదల్లేదు. ఫోకస్ లేదన్నారు, గీతలున్నాయన్నారు, పలక మీద వేలిముద్రలున్నాయన్నారు. ఉన్నమాటే. కానీ ఫోకస్ అంటే ఇదీ అని తేల్చే హక్కు ఎవరిది అని ఆవిడ హెర్షెల్‌కి రాసిన ఉత్తరంలోనే ఎదురడిగింది. 1868లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం (ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్) ఆవిడకి స్టూడియో కోసం రెండు గదులిచ్చింది.

ఇక్కడిదాకా ఇది గెలుపు కథ. కాస్త ఫొటోల కింద పేర్లు చదవండి. హెర్షెల్ హెర్షెల్‌గానే ఉన్నాడు. ఆవిడ మేనకోడలు జూలియా జాక్సన్ (వర్జీనియా వుల్ఫ్ తల్లి) చాలావరకు వేషాలేవీ లేకుండా తన సొంత పేరుతోనే ఉంది. పనిమనిషి మేరీ హిల్లియర్ మాత్రం ఒక రోజు మేరీమాత, ఇంకో రోజు గ్రీకు కవయిత్రి శాఫో. ఇంకో పనిమనిషి మేరీ రయన్ చిన్నప్పుడు తల్లితో కలిసి అడుక్కుంటుంటే కామెరాన్ తెచ్చి పెంచుకున్న ఐరిష్ పిల్ల. ప్రదర్శనలో ఆమె ఫొటో చూసి మనసు పారేసుకున్న హెన్రీ కాటన్ 1867లో ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. మన గోదావరి కాటన్ దొర కాదు, ఈయన వేరు: బెంగాల్లో సివిల్ సర్వీసు చేసి, 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడైనాయన.

సొంత ముఖంతో సొంత దిగులు చూపించే అవకాశం గొప్పింటివాళ్ళకి దొరికింది. పనివాళ్ళ దిగులుకి మాత్రం పురాణంలోంచో కవిత్వంలోంచో ఒక పేరు అరువు తేవాల్సి వచ్చింది. అయినా హిల్లియర్ ‘మేరీమాత’ ఫొటోల్ని కాసేపు చూడండి. ముసుగు మేరీమాతది. బరువెక్కిన ఆ కనురెప్పలు మాత్రం పొద్దుటి నుంచీ ఇంటి చాకిరీ చేసి, ఇప్పుడు అమ్మగారి ముందు ఇన్ని నిమిషాలు కదలకుండా కూర్చున్న అమ్మాయివి. కామెరాన్ దాచాలనుకోలేదు, చూపించాలనీ అనుకోలేదేమో. పలక పట్టుకుంది.

అదే 1868లో లండన్‌లో ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ మొదటి సంపుటం అచ్చయింది. 1875 దాకా 8 సంపుటాలు, 468 ఫొటోలు. ప్రభుత్వ ప్రాజెక్టు. ముఖం కింద చాలావరకు కులం పేరో తెగ పేరో ఉంటుంది, వాళ్ళ గుణగణాల గురించి దొరల తీర్పు ఉంటుంది. ఒకే నగరం, ఒకే కెమెరా విద్య, ఒకే ఏడాది. ఒకచోట ముఖాన్ని మనసు కోసం వెతుకుతున్నారు, ఇంకోచోట జాతి లక్షణాల కోసం.

1875లో కామెరాన్ దంపతులు తమ కాఫీ తోటలున్న సిలోన్‌కి మకాం మార్చారు. 1879లో ఆవిడ అక్కడే పోయింది. ఆ నాలుగేళ్ళ ఫొటోల్లో మనకి మిగిలినవి 30 లోపే. వాటిలో కొన్ని స్థానికులవి, తోటల్లో పనిచేసేవాళ్ళవి. కొందరు గుంపుగా నిలబడి ఉంటారు, కొందరు ఒంటరిగా. పేర్లు లేవు. కెమెరా చాలాచోట్ల దూరంగానే ఆగిపోయింది.

చిత్రకారిణి మేరియాన్ నార్త్ ఆ రోజుల్లో కలుతరలో వాళ్ళింట్లో అతిథిగా ఉండి, తర్వాత తన జ్ఞాపకాల్లో ఒక సంగతి రాసింది. అక్కడివాళ్ళని ఫొటోలు తీస్తున్నప్పుడు ఒకతని వీపు కామెరాన్‌కి ఎంతో నచ్చేసిందట. అతన్ని తోటమాలిగా పెట్టుకోవాల్సిందేనని కొడుకుతో పట్టుబట్టిందట, చూసుకోడానికి ఆ ఇంటికి తోటే లేకపోయినా. పదేళ్ళపాటు ముఖాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదన్న మనిషి. అతని పేరు నార్త్ కూడా రాయలేదు.