మందు దొరికింది, దారి మూసుకుపోయింది

1988 నవంబరు 2, బుధవారం రాత్రి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్లు ఒక్కొక్కటే మొరాయించడం మొదలుపెట్టాయి. ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగానే ఉంటాయి, ఆపైన మళ్లీ అదే తంతు. బర్క్‌లీలో, ఎంఐటీలో వాటిని చూసుకునేవాళ్లకు ఆ రాత్రి నిద్ర లేదు.

కార్నెల్ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన ప్రోగ్రాం అది. యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకేది కాబట్టి ‘వర్మ్’ అన్నారు. ఫైళ్లను చెరపదు, కానీ ఒకే యంత్రంలో పదేపదే పుట్టి ఊపిరాడనివ్వదు. మెయిల్ పంపే ‘సెండ్‌మెయిల్’లో మూయకుండా వదిలేసిన తలుపు ఒకటి, ‘ఫింగర్’ అనే ప్రోగ్రాంలో లోపం ఒకటి, మనుషులు పెట్టుకున్న తేలిక పాస్‌వర్డ్‌లు దానికి దారులయ్యాయి. పాస్‌వర్డ్‌లను ఊహించడానికి 432 మాటల జాబితాను వెంట తెచ్చుకుంది. యూజర్ పేరును తిరగేసి కూడా ప్రయత్నించేది. అప్పటి ఇంటర్నెట్‌లోని సుమారు 60,000 యంత్రాల్లో 6,000 దాని బారిన పడ్డాయని అంచనా.

విరుగుడు ఆలస్యం కాలేదు. బర్క్‌లీ వాళ్లు తెల్లారకముందే సెండ్‌మెయిల్‌కు సవరణ పంపించేశారు. అది అవసరమైన చోట్ల మాత్రం అందుకునే దారి లేదు. భయంతో చాలామంది అప్పటికే నెట్‌వర్క్ నుంచి తప్పుకున్నారు. వర్మ్‌ను ఆపుదామని వేసిన గడియ మందునూ ఆపేసింది. మోరిస్ స్నేహితుడు ఆండీ సడత్ హార్వర్డ్ నుంచి పేరు చెప్పకుండా పంపిన సందేశంలో క్షమాపణ ఉంది, ఆపే ఉపాయమూ ఉంది. అది దారిలోనే చిక్కుకుని, చేరేసరికి రోజు దాటిపోయింది.

పోనీ ఫోన్ చేద్దామంటే, ఎవరికి? ఏళ్ల తరబడి మెయిల్‌లో మాట్లాడుకున్నవాళ్లకే ఒకరి ఫోన్ నంబరు ఒకరికి తెలియదు. ఆ రెండు రోజుల కథలో మనసును కలచివేసేది ఇదే. తెలిసినవాళ్లున్నారు, చెప్పాలన్న తపనా ఉంది, వాళ్లను కలిపే నంబర్ల పుస్తకం లేదు.

అదే నెలలో, అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా చొరవతో, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి దాడులప్పుడు సాయపడే ‘సెర్ట్’ బృందం ఏర్పడింది. ఏ సంస్థ ఉద్యోగి అయినా పగలనక రాత్రనక ఫోన్ చేయగల నంబరు పెట్టడం దాని తొలి పనుల్లో ఒకటి. మోరిస్‌కు 1990లో మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి.

మన దేశంలో అలాంటి పనే చేసే ‘సెర్ట్-ఇన్’ 2004 జనవరిలో పని మొదలుపెట్టింది. 2022లో అది జారీచేసిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడిని గమనించినా, ఎవరైనా తమ దృష్టికి తెచ్చినా, సంస్థలు 6 గంటల్లోపు దానికి తెలియజేయాలి. ఇరవైనాలుగు గంటలూ నడిచే డెస్కు ఫోన్ నంబరు కూడా అది ప్రకటిస్తోంది.