పెరటి మడిలో సోయికూర: విత్తనం నుంచి విత్తనం దాకా

సోయికూర విత్తనాలు కావాలని అడిగితే కొన్ని దుకాణాల్లో సోయాచిక్కుడు గింజలు తీసి ఇస్తారు. రెండింటికీ పేరులో పోలిక తప్ప సంబంధం లేదు. సోయికూర కొత్తిమీర, వాము, జీలకర్ర, సోంపు కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం అనెథం గ్రేవియోలెన్స్. తెలంగాణలో సోయికూర, సోయకూర అంటారు. కన్నడంలో సబ్బసిగె, మరాఠీలో శేపు, హిందీలో సోవా. సంస్కృతంలో శతపుష్ప. హైదరాబాదులో మెంతికూరతో కలిపి మాంసంలో వేస్తారు, పెసరపప్పుతో వండుతారు. కోస్తా జిల్లాల్లో చాలామందికి ఈ కూర పరిచయం తక్కువ.

ఆకు దారప్పోగుల్లా సన్నగా ఉంటుంది. సోంపు ఆకు కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి, అనుమానం వస్తే ఆకు నలిపి వాసన చూడాలి. సోంపులో తీపి వాసన ఉంటుంది, సోయికూరలో ఘాటు ఎక్కువ.

విత్తనం ఎంపిక

ఈ పంటలో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. గింజ పాతబడితే మొలక శాతం పడిపోతుంది. రెండేళ్లు దాటిన విత్తనాన్ని నమ్ముకోకూడదు. కిరాణా దుకాణంలో మసాలా కోసం అమ్మే సోవా గింజలు మొలవవని కాదు, కానీ అవి ఎప్పటివో ఎవరూ చెప్పలేరు. అందుకని ముందు పరీక్ష చేసుకోవాలి. తడిపి పిండిన నూలుగుడ్డలో 50 గింజలు పరిచి చుట్టి, నీడలో పెట్టి, తడి ఆరకుండా చూస్తే 10 రోజుల్లో విషయం తేలిపోతుంది. 35 మొలిస్తే ధైర్యంగా విత్తుకోవచ్చు. 20 మాత్రమే మొలిస్తే విత్తనం రెట్టింపు వేయాలి. పదికి లోపు అయితే మడికి పెట్టే శ్రమ దండగ.

రంగు పూసిన విత్తనం మందు పట్టించినది. అది విత్తడానికే గాని, మిగిలింది కదా అని పోపుల డబ్బాలోకి చేరకూడదు.

గింజల కోసం పెద్ద ఎత్తున సాగు చేసేది గుజరాత్, రాజస్థాన్ రైతులు. అజ్మీరులోని జాతీయ విత్తన సుగంధ ద్రవ్యాల పరిశోధన కేంద్రం అజ్మీర్ డిల్-1, అజ్మీర్ డిల్-2 రకాలను విడుదల చేసింది. ఇవి గింజ దిగుబడిని చూసి ఎంపిక చేసినవి. పెరట్లో ఆకు కోసమైతే స్థానికంగా దొరికే తాజా విత్తనం సరిపోతుంది.

ఎప్పుడు విత్తాలి

సోయికూరకు చల్లని వాతావరణం, పొట్టి పగళ్లు కావాలి. పగటి పొద్దు పెరిగి ఎండ ముదిరితే ఆకు పెట్టడం మానేసి పూతకు వెళ్తుంది. చిత్త, స్వాతి కార్తెల నుంచి, అంటే అక్టోబరు రెండో వారం నుంచి జనవరి మొదటి వారం వరకు మన దగ్గర మంచి అదను. వానాకాలంలో కూడా వేయవచ్చు, కానీ నీరు నిలవని ఎత్తుమడి ఉండాలి. శివరాత్రి దాటాక విత్తితే జానెడు మొక్కకే పూత వస్తుంది. నీడవల కట్టినా అది కొన్ని రోజులు ఆలస్యమవుతుంది తప్ప ఆగదు. ఎండాకాలం ఈ మడిని గోంగూరకో తోటకూరకో వదిలేయడమే మేలు.

మడి అంతా ఒకేసారి విత్తవద్దు. నాలుగు భాగాలు చేసి, 15-20 రోజులకొక భాగం విత్తితే చలికాలమంతా ఇంటికి లేత కూర అందుతుంది.

మడి తయారీ, విత్తడం

రోజుకు కనీసం 6 గంటలు ఎండ తగిలే చోటు చూసుకోవాలి. గరపనేల, ఎర్రనేల అనుకూలం. నల్లరేగడి అయితే ఇసుక, పశువుల ఎరువు కలిపి మడిని జానెడు ఎత్తు లేపాలి. 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు మడికి 8-10 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు ట్రైకోడెర్మా పొడి కలిపి మట్టిని మెత్తగా చేయాలి. పచ్చి ఎరువు వేస్తే చెదలు, కలుపు రెండూ వస్తాయి. ఆకు పచ్చగా రావాలని యూరియా చల్లేవారున్నారు. చల్లితే మొక్క మెత్తబడి పడిపోతుంది, పేనుబంక ఎక్కువవుతుంది, కూరలో వాసన తగ్గుతుంది.

సోయికూర నారు పోసి నాటే పంట కాదు. దీనికి తల్లివేరు ఉంటుంది. పీకి నాటితే ఆ వేరు దెబ్బతిని మొక్క బతికినా ఎదగదు. నేరుగా మడిలోనే విత్తాలి. కుండీ అయితే అడుగు లోతుది కావాలి.

పైన చెప్పిన మడికి 8-10 గ్రాముల విత్తనం చాలు. రాత్రంతా నానబెట్టి, ఉదయం నీడలో ఆరబెట్టి, నాలుగింతల పొడి ఇసుకతో కలిపి జానెడు దూరంలో గీసిన సాళ్లలో వేయాలి. చల్లవచ్చు కూడా, కానీ కలుపు తీసేటప్పుడు సాళ్ల విలువ తెలుస్తుంది. పైన అర సెంటీమీటరుకు మించి మట్టి కప్పకూడదు. లోతుగా పడిన గింజ పైకి రాదు. పలచగా వరిగడ్డి పరిచి, రోజూ పూలక్యానుతో తడపాలి. గొట్టంతో నీళ్లు పెడితే గింజలన్నీ కొట్టుకుపోయి మడి చివర గుత్తుగా మొలుస్తాయి.

మొలక రావడానికి 7 నుంచి 12 రోజులు పడుతుంది. నేను మొదటిసారి వేసినప్పుడు ఆరో రోజుకే విత్తనం పోయిందనుకొని మడి తవ్వి పాలకూర చల్లాను. ఆ పాలకూర మధ్యలో అక్కడక్కడా సన్నని సోయి మొక్కలు లేచినప్పుడు గాని తప్పు తెలియలేదు. పన్నెండు రోజులు ఓపిక పట్టండి. మొలకలు కనిపించిన సాయంత్రమే గడ్డి తీసేయాలి, ఆలస్యమైతే మొలకలు పాలిపోయి సాగుతాయి.

మొక్కలు రెండు మూడు అంగుళాలు అయ్యాక ఒత్తుగా ఉన్నవి పీకి రెండు వేళ్ల ఎడం ఉంచాలి. పీకినవి పారేయకండి, పప్పులోకి అంతకంటే లేత కూర దొరకదు.

నీరు, తెగుళ్లు

చలికాలంలో రెండు మూడు రోజులకొక తడి సరిపోతుంది. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు అవసరం లేదు. అతిగా తడిపితే మొదలు కుళ్లి మొలకలు నేలకు వాలిపోతాయి.

లేత చిగుళ్లకు, ఆ తర్వాత పూగుత్తులకు పేనుబంక పడుతుంది. ఇది వారాల్లో కోసి తినే ఆకు, కొందరు పచ్చిగానే పెరుగులో కలుపుకుంటారు. దీని మీద పురుగుమందు కొట్టడానికి ఏ లెక్కా కుదరదు. బజారు కూరకు ఏ మందు ఎప్పుడు కొట్టారో తెలియకనే కదా పెరట్లో పెంచుకుంటున్నాం. మొదట నీటిని గట్టిగా చిమ్మి పురుగును రాల్చాలి. బాగా పట్టిన కొమ్మలు తుంచి దూరంగా పారేయాలి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం పిచికారీ చేసి, వారం తర్వాతే కోయాలి. మడిలో అక్షింతల పురుగులు తిరుగుతుంటే అసలు ఏదీ కొట్టవద్దు. పేనుబంకను అవే తింటాయి. సోయి పూత మీదికి ఈ మిత్రపురుగులు, తేనెటీగలు బాగా వస్తాయి. పక్కన వంగ, బెండ ఉన్నవారు నాలుగు సోయి మొక్కలను పూతకు వదిలితే ఆ కూరగాయలకూ మేలే.

ఆకుల మీద తెల్లటి బూడిద కనిపిస్తే గాలి ఆడక తెగులు వచ్చిందని అర్థం. ఆ వరుస కోసేసి మిగతావి పలచన చేయాలి.

కోత, అమ్మకం

40-45 రోజులకు మొక్క అడుగు ఎత్తుకు వస్తుంది. అమ్మేవారు వేళ్లతో పీకి కట్టలు కడతారు. ఇంటికైతే నాలుగు వేళ్ల మోడు ఉంచి కోస్తే రెండోసారి, అదృష్టం ఉంటే మూడోసారి కూడా చిగురిస్తుంది. మధ్యలో మొగ్గ కనిపించేలోపే కోత అయిపోవాలి. తర్వాత ఆకు తగ్గిపోయి కాడ పీచు తేలుతుంది.

కోసిన రెండు మూడు గంటల్లోనే వడలిపోయే కూర ఇది. తెల్లవారుజామున కోసి, వేళ్లు నీటిలో ఉండేలా నిలబెట్టి, తడి గోనె కప్పి తీసుకెళ్లాలి. అమ్మకానికి వేసే ముందు మీ కూరగాయల వ్యాపారిని వారానికి ఎన్ని కట్టలు పోతాయో అడిగి, అన్నే విత్తండి. మెంతికూర, పాలకూర మిగిలితే పక్క ఊళ్లో అమ్ముడవుతాయి. సోయికూర తెలియని ఊళ్లో ఊరికే ఇచ్చినా తీసుకోరు. పది గుంటల్లో ఒక్కసారే వేసి, సాయంత్రానికి కట్టలన్నీ పశువులకు వేసిన రైతును చూశాను.

విత్తనం కట్టుకోవడం

బలమైన మొక్కలు పది, అడుగు దూరంలో ఉన్నవి, కోయకుండా వదలాలి. అవి మూడడుగులు దాటుతాయి, గాలికి పడకుండా కర్ర ఊతం కట్టాలి. పసుపు పూలు గొడుగుల్లా విచ్చుకుంటాయి. విత్తిన నాలుగైదు నెలలకు గింజలు గోధుమరంగుకు తిరుగుతాయి. అన్ని గొడుగులూ ఒకేసారి పండవు. నడిమిది ముందు పండుతుంది, దాన్ని ముందే కోయాలి. మంచు తడి ఉన్న వేళ కోస్తే గింజ రాలదు. గుడ్డ మీద నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, చేత్తో నలిపి చెరిగి, గాజుసీసాలో పోసి, కోసిన నెల, సంవత్సరం రాసిన చీటీ అతికించాలి. పది మొక్కల గింజ వచ్చే ఏడాది మీ మడికి పోను ఇరుగుపొరుగుకు ఇవ్వడానికీ మిగులుతుంది.