ఉప్పు మెరుగు – సోడా మెరుగు

ప్లాస్టిక్ గొట్టములు రాకపూర్వము మన పట్టణములలో మురుగునీటికై భూమిలో పాతిన గొట్టములు, పాత వీధులను త్రవ్వునప్పుడు ఇప్పటికిని బయటపడుచుండును. అవి గోధుమరంగు కలిగి గాజువలె నిగనిగలాడును. చేతితో తడిమినచో కమలాపండు తొక్కవలె సన్నని గుంటలు తగులును. ఆ మెరుగును ఎవరును కుంచెతో పూయలేదు. తొట్టిలో ముంచి తీయలేదు. గొట్టములు తెల్లని వేడిలో కాలుచున్న సమయమున ఆవములోనికి ఉప్పు విసరిరి. ఆ ఉప్పు ఆవిరియై మట్టిని అంటి మెరుగుగా మారినది. ఈ గొట్టములకై ఏర్పడిన 651వ భారతీయ ప్రమాణము పాత ముద్రణలలో ‘ఉప్పు మెరుగు స్టోన్‌వేర్ గొట్టములు’ అను అర్థమిచ్చు పేరుతోనే ఉండెడిది.

నేడు కళాప్రదర్శనశాలలలో బల్లలపై నుంచు సోడా మెరుగు పింగాణి పాత్రలు ఈ మురుగు గొట్టములకు దగ్గరి చుట్టములే. వినుటకు వింతగనున్నను, ఆ చుట్టరికమును కలిపినది ఒక ఆమ్లము.

మట్టికుండలో నీరు చల్లబడుటకు కారణము విద్యార్థులకు తెలిసినదే. 800, 900 సెంటిగ్రేడు డిగ్రీలలో కాలిన కుండకు సన్నని రంధ్రములు మిగిలియుండును. వానిగుండ నీరు ఊరి, ఆవిరియై, వేడిని కొనిపోవును. వేసవిలో ఇది మేలు. నూనెను, పులిసిన ద్రాక్షరసమును, ఆమ్లములను నిలువచేయువారికి అదే కీడు. మట్టిని 1200 డిగ్రీలకు పైగా కాల్చినచో అందలి కొన్ని ఖనిజములు కరగి రంధ్రములను పూడ్చును. పాత్ర రాయివలె గట్టిపడును. దీనినే స్టోన్‌వేర్ అందురు. కాని అంతటి వేడిలో, ఆనాడు ఐరోపాలో వాడుకలోనుండిన సీసపు మెరుగు నిలువదు.

జర్మనీలో రైన్ నదీప్రాంతపు కుమ్మరులు ఈ చిక్కును ఉప్పుతో విడదీసిరి. 15వ శతాబ్దము నాటికి కొలోన్ పరిసరములలో ఉప్పు మెరుగు వాడుకలోనికి వచ్చెను. ఫ్రెకెన్ గ్రామమునుండి గడ్డపు మనిషి ముఖము అచ్చొత్తిన కూజాలు ఓడలకెక్కి ఇంగ్లండుకు పోవుచుండెను. ఆ రహస్యమును పట్టుకొని 1672లో జాన్ డ్వైట్ అను నాతడు లండను సమీపమున ఫుల్హాములో స్టోన్‌వేర్ చేయుటకు రాజునుండి పేటెంటు పొందెను. పిదప స్టఫర్డుషైరు కుమ్మరులు కాల్చి పొడిచేసిన చెకుముకి రాతిని మట్టిలో కలిపి, తెల్లని ఉప్పు మెరుగు పాత్రలు చేసి, పింగాణి కొనలేని ఇండ్లకు అమ్మిరి.

ఇందలి రసాయన చర్య మిక్కిలి సులభమైనది. ఉప్పు 801 డిగ్రీలకు కరగును. ఆవములో 1200 డిగ్రీలు దాటిన పిమ్మట దానిని విసరినచో పటపటమని చిట్లి ఆవిరియగును. ఆ ఆవిరి నీటి ఆవిరితో కలియగా, ఉప్పులోని సోడియము మట్టిలోని సిలికాను, అల్యూమినాను పట్టుకొని గాజుగా మారును. మిగిలిన క్లోరిను ఉదజనితో కూడి హైడ్రోక్లోరికామ్లపు ఆవిరియై పొగగొట్టము దారి పట్టును. లెక్క చూడుడు. 58.5 గ్రాముల ఉప్పులో సోడియము 23 గ్రాములే. చర్య పూర్తిగా జరిగిన, బయటికిపోవు ఆమ్లము 36.5 గ్రాములు. అనగా 10 కిలోల ఉప్పు వేసిన ఆవమునుండి 6 కిలోలకు మించిన ఆమ్లము గాలిలో కలియగలదు. మెరుగైనది తక్కువ, పొగయైనది ఎక్కువ.

పల్లెలో, ఏడాదికి కొన్నిసార్లు కాలు ఆవము విషయమున దీనిని ఎవరును పట్టించుకొనకపోవచ్చును. నగరములో అట్లు కాదు. లండనులోని లాంబెత్ పేటలో డౌల్టన్ వంశమువారి కర్మాగారముండెను. 1846లో హెన్రీ డౌల్టన్ అచట మురుగు గొట్టములకై ప్రత్యేకముగ ఒక కర్మాగారమును నెలకొల్పెను. అది కలరా లండనును పీడించుచున్న కాలము. 1854లో జాన్ స్నో అను వైద్యుడు, ఆ వ్యాధి కలుషితమైన నీటివలన వ్యాపించునని బ్రాడ్ వీథిలోని ఒక పంపును ఆధారముగ జేసికొని చూపెను. మురుగును త్రాగునీటినుండి వేరుచేయుటలో ఉప్పు మెరుగు గొట్టములు చేసిన మేలు చిన్నది కాదు. కాని నగరపు నీటిని కాపాడిన ఆ గొట్టములే, పుట్టునప్పుడు నగరపు గాలిని చెరచుచు వచ్చెను. 1956లో బ్రిటిషు పార్లమెంటు వాయుశుద్ధి చట్టము చేసినది. ఆ సంవత్సరముననే లాంబెత్ కర్మాగారము మూతపడెను. నగరము నడుమ ఉప్పు ఆవములను కాల్చుటకు వీలులేకపోవుట అందుకొక ముఖ్యకారణము.

కర్మాగారము విడిచిన పనిని ఒంటరి కళాకారులు అందుకొనిరి. మట్టి పిసుకుట, సారెపై తిప్పుట, మెరుగుపెట్టుట, ఆవము కాల్చుట, తుదకు ప్రదర్శించుట యన్నియు ఒకే చేతిమీదుగ జరుపువానిని స్టూడియో కుమ్మరి యందురు. ఇంగ్లండులో వీరికి ముందునడిచినవారు మార్టిన్ సోదరులు. 1873 మొదలు నలువురన్నదమ్ములు పని పంచుకొని, ఉప్పు మెరుగుతో వింతపక్షుల రూపములు గల జాడీలు చేసిరి. వారిలో చార్లెసు లండనులో అంగడి చూచువాడు. మంచి పాత్రను కొనవచ్చినవానికి దానిని అమ్ముటకు అతనికి మనసొప్పెడిది కాదట! 1920లో బెర్నార్డ్ లీచ్, జపాను కుమ్మరి షోజి హమదాతో కూడి, కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ అను రేవుపట్టణమున ఆవము కట్టెను. అదే తరమువాడైన స్టెయిట్ మర్రే తన కుండలకు పేర్లు పెట్టి, చిత్రములతో సమానముగ లండను ప్రదర్శనశాలలలో నిలిపెను. మన దేశమునుండి జపాను వెళ్లి ఈ విద్య నేర్చిన సర్దార్ గురుచరణ్ సింగు ఢిల్లీలోను, 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ పాండిచ్చేరిలోను ఇట్టి పనిశాలలు సాగించిరి.

ఉప్పు మెరుగును అమెరికాలో మరల పైకి తెచ్చినవారిలో డాన్ రైట్జ్ ముఖ్యుడు. ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్‌ఫ్రెడ్ విశ్వవిద్యాలయమున చదివి 1962లో పట్టము పొందెను. అదే విశ్వవిద్యాలయమున 1970 తరువాత, ఆమ్లపు పొగ లేకుండ ఉప్పు మెరుగు తేగలమా యను ప్రశ్న పుట్టినది. కావలసినది సోడియమే గదా; క్లోరిను లేని సోడియపు లవణమును వాడిన చాలును. వంటసోడా ఉన్నది, చాకలి సోడా ఉన్నది. వంటసోడా వేడికి చాకలి సోడాగా మారి, నీటి ఆవిరిని, బొగ్గుపులుసు వాయువును విడుచును. చాకలి సోడా సిలికాతో కలిసి గాజై, మరికొంత బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆమ్లమునకు చోటే లేదు.

ఇచట ఒక చరిత్ర చమత్కారము గలదు. 1791లో ఫ్రాన్సు దేశస్థుడు లెబ్లాన్ పేటెంటు పొందిన పద్ధతిలో ఉప్పునుండియే సోడా తీసెడివారు. అప్పుడు పుట్టు హైడ్రోక్లోరికామ్లము చుట్టుపట్ల చెట్లను మాడ్చగా, 1863లో బ్రిటను క్షారచట్టము చేసి, నూటికి 95 పాళ్ల ఆమ్లమును పట్టి ఆపవలెనని శాసించినది. తరువాత సాల్వే పద్ధతి వచ్చి లెబ్లాన్ పద్ధతిని వెనుకకు నెట్టినది. ఆవమును ఆమ్లమునుండి కాపాడిన సోడా, ఒకనాడు తానే ఆమ్లపు పొగలలో పుట్టినది.

సోడా వాడుక కాగితముపై తేలినంత సులభముగ ఆవములో తేలలేదు. ఉప్పు ఆవిరియై మూలమూలలకు వ్యాపించును. సోడా అట్లు వ్యాపించదు. 851 డిగ్రీలకు కరగును గాని, సులభముగ ఆవిరి కాదు. విసరినచో పడినచోటనే ముద్దగా కరగి ఇటుకలను తినివేయును. అందుచేత దానిని వేడినీటిలో కరగించి, తోటలకు మందుకొట్టు పిచికారి వంటి దానితో, ఆవమునకు నలువైపులనున్న కన్నములగుండ మంటలోనికి చిమ్ముదురు. ఆ తుంపరలు మంట పోవుదారినే పోవును. మంట తాకిన ప్రక్క దట్టముగ మెరయును. చాటున నున్న ప్రక్క పొడిగా, మొద్దుగా మిగులును. మెరుగు ఎంత పట్టినదో తెలియుటకు లోపలనుంచిన చిన్న మట్టి కడియములను ఇనుప కొక్కెముతో ఒక్కొక్కటే బయటికి లాగి చూచుచుందురు.

గొట్టముల కర్మాగారమునకు ఇట్టి ఎగుడుదిగుడు మెరుగు పనికిరాదు. అచట మెరుగు అన్నివైపుల సమముగ నుండవలెను. స్టూడియో కుమ్మరికి ఆ లోపమే వరమైనది. ప్రతి పాత్రమీదను మంట నడచిన జాడ నిలిచిపోవును; పాత్రను ఎచట, ఏ వైపుగ నుంచవలెనను నిర్ణయమే చిత్రకారుని కుంచెవలె పనిచేయును. అయితే సరిగా కాలని పాత్రకు ‘అగ్నిలీల’ యని పేరుపెట్టి అమ్మువారును లేకపోలేదు.

ఈ జాడ తెల్లని పింగాణిపై మరింత స్పష్టముగ కనబడును. ఇనుము కల మట్టి తానే గోధుమరంగై సన్నని తేడాలను మ్రింగివేయును. పింగాణిలో చీనామట్టి, పలుగురాయి, ఫెల్‌స్పార్ మాత్రమే యుండును. ఐరోపాలో ఈ చీనామట్టికి పేరొందిన సీమ కార్న్‌వాల్. విలియం కుక్‌వర్తీ అచటి మట్టితో పింగాణి చేసి 1768లో పేటెంటు పొందెను. లీచ్ ఆవము కట్టినదియు ఆ సీమలోనే. 2008లో ఆ పనిశాలను పునరుద్ధరించి తెరచినప్పుడు, ప్రధాన కుమ్మరిగ వచ్చిన ఉత్తర ఐర్లండువాడు జాక్ డొహర్టీ సోడా పింగాణినే తన కళగ చేసికొన్నవాడు. ఆయన నియమము ఒకే మట్టి, రంగుకు ఒకే ఖనిజము, ఒకే కాల్పు. ఖనిజము రాగి. సోడా దట్టముగ తగిలి, ఆమ్లజని చాలినంతయున్నచోట రాగి నెమలికంఠపు నీలిమనిచ్చును. మరియొకచోట బూడిదరంగు, వేరొకచోట తుప్పురంగు. అయిదువేల ఏండ్లకు పూర్వము ఈజిప్టువారు పలుగురాతిపొడిలో సోడాను, రాగిని కలిపి కాల్చి నీలిపూసలు చేసిన రసాయనశాస్త్రమిదియే.

ఇట్టి పాత్రలను ప్రదర్శించునప్పుడు గోడకు ఆనించిన అలమారలో వరుసగ పేర్చినచో సగము కథ దాగిపోవును. చూచువారు చుట్టును తిరుగుటకు వీలుగ విడివిడిగ, బల్లల నడుమ నిలుపుట మేలు. ఒక ప్రక్క కమలాతొక్క వంటి మెరుగు, వెనుక సుద్దవంటి తెలుపు, నడుమ రంగు మారిన ఎల్ల కనబడును. వీలైనచో పాత్రను తలక్రిందుచేసి చూపవలెను. అడుగున మూడు నాలుగు గుండ్రని మచ్చలుండును. ఆవములో పాత్ర పలకకు అంటుకొనిపోకుండ దానిక్రింద పెట్టిన అల్యూమినా ముద్దల గురుతులవి. అల్యూమినా ఎక్కువగ నున్నచోట సోడా మెరుగు పట్టదు.