మధుమేహం, గుండెజబ్బుల్లో ఆక్సీకరణ ఒత్తిడి

ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు శరీర రక్షణ శక్తిని మించిపోయి కణాలను దెబ్బతీసే స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. జర్మన్ జీవరసాయనవేత్త హెల్ముట్ సీస్ సంపాదకత్వంలో 1985లో వెలువడిన గ్రంథంతో ఈ పేరు స్థిరపడింది. ఆలోచన మాత్రం అంతకంటే పాతది. మోతాదు మించిన ఆక్సిజన్ చేసే హానికీ, ఎక్స్‌రేల హానికీ మూలం ఫ్రీ రాడికల్స్ అనే ఇలాంటి చురుకైన అణువులేనని 1954లోనే రెబెకా గెర్ష్‌మన్ బృందం ప్రతిపాదించింది. 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ ఫ్రీ రాడికల్ అయిన సూపర్ఆక్సైడ్‌ను తొలగించే ఎంజైమును కనుగొన్నాక శాస్త్రలోకం దృష్టి ఇటు మళ్లింది. తొలగించడానికే ఒక ఎంజైము ఉందంటే, ఆ పదార్థం ఒంట్లో నిత్యం పుడుతున్నట్టే కదా!

గుండెజబ్బుల వైపు దారి కొలెస్టరాల్ పరిశోధన నుంచి వచ్చింది. రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే మామూలు ఎల్‌డీఎల్‌ను మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు అతిగా మింగవనీ, రసాయనికంగా మారినదాన్ని మాత్రం విపరీతంగా మింగుతాయనీ 1979లో గోల్డ్‌స్టీన్, బ్రౌన్ బృందం చూపింది. రక్తనాళపు గోడలో ఆ మార్పు తెచ్చేది ఆక్సీకరణేనని డేనియల్ స్టైన్‌బర్గ్ తదితరులు 1989లో వాదించారు. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను సూపర్ఆక్సైడ్ హరిస్తుందన్నది దీనికి తోడైంది.

మధుమేహానికి సంబంధించిన వివరణ 2001లో మైఖేల్ బ్రౌన్లీ ఇచ్చాడు. రక్తనాళాల లోపొర కణాలు తమలోకి వచ్చే గ్లూకోజును అదుపు చేసుకోలేవు. చక్కెర పెరిగితే వాటి మైటోకాండ్రియాలో సూపర్ఆక్సైడ్ పెరుగుతుంది. దాంతో గ్లూకోజును ముక్కలు చేసే దారిలో ఒక ఎంజైము మొద్దుబారుతుంది. వెనక పేరుకున్న పదార్థాలు నాలుగు హానికర మార్గాల్లోకి మళ్లుతాయి. అంతవరకు విడివిడిగా చదువుకున్న ఆ నాలుగింటినీ ఒకే మూలానికి ముడివేయడమే ఈ సిద్ధాంతం గొప్పతనం.

అయితే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేస్తే సరిపోతుందన్న ఆశ నిలవలేదు. 1996లో కేంబ్రిడ్జి పరీక్షలో విటమిన్ ఇ వల్ల ప్రాణాంతకం కాని గుండెపోట్లు తగ్గాయి. కానీ 2000లో హోప్ పరీక్ష తొమ్మిదిన్నర వేల మందికి పైగా వ్యక్తులను పరిశీలించి, రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చినా గుండెకు మేలు లేదని తేల్చింది. వారిలో మూడోవంతుకు మించి మధుమేహులే. 2002లో 20,536 మందితో జరిగిన బ్రిటన్ పరీక్షలోనూ అదే ఫలితం. ఈ వైఫల్యం సిద్ధాంతాన్ని కొట్టివేయదు. ఎందుకంటే విటమిన్ అణువు రాడికల్‌ను పట్టి తానే ఖర్చయిపోతుంది. ఎంజైము అలుపు లేకుండా పనిచేస్తుంది. పైగా ఇవే చురుకైన అణువులు తక్కువ మోతాదులో కణాలకు సంకేతాలు కూడా. మందుల దుకాణంలో ఇప్పటికీ గుండె కోసమని ఆ మాత్రలు కొనేవారికి వాటివల్ల మేలు కనబడలేదన్న సంగతి చేరాలి.

మాత్రలకు బదులు మూలమైన అధిక చక్కెరను అదుపు చేస్తే మేలు జరుగుతుందనడానికి అమెరికా, కెనడాల్లో టైప్ 1 మధుమేహులపై జరిగిన పరీక్ష బలమైన సాక్ష్యం. ఆరున్నరేళ్లు చక్కెరను గట్టిగా అదుపులో ఉంచిన వర్గంలో, 1993లో పరీక్ష ముగిసి రెండు వర్గాల చక్కెర స్థాయులూ దగ్గరపడ్డాక కూడా గుండె, రక్తనాళాల జబ్బులు 42 శాతం తక్కువగా నమోదయ్యాయని 2005లో వెల్లడైంది.