పాత ఛాయాచిత్రములపై మచ్చలు – మన సంఘ చరిత్ర



మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. దాని చరిత్రను పలువురు వ్రాసియున్నారు. కాని రావల్కోల్ వంటి పల్లెలలో పెద్దల చరిత్రను తెలిసికొనుటకు తరచుగా మనకు మిగిలినవి బాప్తిస్మము, వివాహము, పంట పండుగ దినములలో తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రములే.

అట్టి కొన్నిటిపై మసక మచ్చలు, అంకెల నీడలు కనబడును. అపశకునమని కొందరు, అద్భుతమని కొందరు తలంతురు. చెడిపోయినదని పారవేయువారును కలరు. అసలు కారణము తెలిసినయెడల ఈ మూడు పొరపాట్లును తప్పును.

వెనుక కాగితముతో చుట్టిన రోలు ఫిల్మును కొడాక్ సంస్థ 1895లో ప్రవేశపెట్టినది. 120 రకము 1901లో వచ్చినది. మన దేశములో ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుండి 'ఇందు' పేరుతో ఫిల్ము తయారు చేసినది. ఆ కర్మాగారము ఇప్పుడు మూతబడినది.

వెలుతురు తగులకుండ కాపాడుటయే వెనుక కాగితము పని. దాని వెలుపలి వైపున అంకెలు అచ్చువేయబడి ఉండును. కెమెరా వెనుకనున్న చిన్న ఎర్ర కిటికీలో అంకెను చూచుచు ఫిల్మును త్రిప్పెడివారు. అయితే రోలు చుట్టియున్నప్పుడు ఒక చుట్టులోని అచ్చు వైపు, దానిపై చుట్టులోని ఫిల్ము పూతను తాకుచుండును. వేడి, తేమ సోకినచో ఆ సిరా, కాగితము పూతను చెరచి, తమ గుర్తులను దానిపై విడుచును. రోలును కడిగించుటలో ఆలస్యమైన కొలది అపాయము హెచ్చును.

ఇది మన పల్లెల ఫోటోగ్రాఫర్ల చేతకానితనము కాదు. 2016 ప్రాంతమున కొడాక్ అలారిస్ వారి 120 ఫిల్ములో సయితము ఇదే దోషము బయటపడగా, ఆ సంస్థ దానిని ఒప్పుకొని, దోషమున్న ఫిల్ముల సంఖ్యలను ప్రకటించినది.

పరీక్షించు విధము సులభము. నెగటివును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. అంకెల ఆకారము సమాన దూరములలో మరల మరల వచ్చినచో అది కాగితపు దోషము. అంచు నుండి లోనికి ప్రాకిన నలుపైనచో వెలుతురు చొరబడినదని గ్రహింపవలెను. మచ్చ ప్రింటుపై మాత్రమే ఉండి నెగటివుపై లేనియెడల సంతోషింపుడి. మంచి ప్రింటు మరల తీయించుకొనవచ్చును. కనుక నెగటివులను పారవేయకుడి. వాటిని ఇనుప పెట్టెల వేడికిని, వానకాలపు తేమకును దూరముగా, కాగితపు కవరులలో ఉంచుడి.

మచ్చ పడినను ముఖము మిగిలియున్నది. కాని ఆ ముఖము ఎవరిదో చెప్పగల వృద్ధులు మన మధ్య నుండి ఒక్కొక్కరుగా ప్రభువు సన్నిధికి చేరుచున్నారు. యొర్దాను నుండి తెచ్చి నిలిపిన 12 రాళ్ల అర్థమేమని పిల్లలు అడిగినప్పుడు చెప్పుటకు పెద్దలు ఉండవలసియుండెను. ప్రతి కుటుంబము పెద్దలను అడిగి, పేరు, ఊరు, సంవత్సరము కవరుపై వ్రాసియుంచవలెనని మేము కోరుచున్నాము.