కాడి మీద బరువు

పోయిన ఆదివారం పొద్దున్న ఇడ్లీలు పొయ్యి మీద పెట్టి, వీడియో కాల్‌లో మా తమ్ముడు చూపిస్తున్న ఫొటోలు చూస్తున్నాను. వాడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. ఈ వేసవికి అమ్మా నాన్నా అక్కడికి వెళ్తున్నారు. వాళ్లకి కొలరాడో కొండలు చూపించాలని వాడి కోరిక. అమ్మకి బయటి తిండి పడదు. నాన్న రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. అందుకని చిన్న ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొన్నాడు.

ట్రైలర్ అంటే మన గాజువాక రోడ్డు మీద ఇనప ఊచలు మోసుకెళ్లేది కాదండి. మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, బాత్రూమ్ ఉన్న చక్రాల గది. దానికి సొంత ఇంజను ఉండదు. లాగడానికి పికప్ ట్రక్కు కావాలి. ఏ ట్రక్కు కొనాలన్నదే నెల రోజులుగా వాళ్లింట్లో చర్చ.

"అక్కా, ఇది 3,600 కిలోలు లాగుతుంది. మన ట్రైలర్ ఖాళీగా 1,600 కిలోలే. డబుల్‌కి పైనే ఉంది. లెదర్ సీట్లు, పైన అద్దం కప్పు కూడా," అన్నాడు సంబరంగా.

వారం నుంచి మా ఇంట్లోనే ఉన్న నాన్న పేపరు పక్కన పెట్టి ఫోన్ వైపు వంగారు. "లాగడం సరేరా. కాడి మీద బరువెంత? అది సెప్పు."

తమ్ముడు నవ్వాడు, నేనూ నవ్వాను. నాన్న మాత్రం నవ్వలేదు.

నాన్న చిన్నప్పుడు అనకాపల్లి దగ్గర మా ఊళ్లో తాతయ్యకి గూడు బండి ఉండేది. ఏడాదికోసారి, అక్షయ తృతీయ నాడు అప్పన్న నిజరూప దర్శనానికి ఇంటిల్లిపాదీ ఆ బండి మీదే సింహాచలం వెళ్లేవారు. వెదురు బద్దలు వంచి పైన చాపలు కప్పిన గూడు, లోపల గడ్డి పరిచి మీద బొంత. ఆడవాళ్లు, పిల్లలు, బియ్యం, పప్పు, ఇత్తడి గిన్నెలు, నీళ్ల బిందె అన్నీ అందులోనే. దారిలో చెట్టు కింద ఆపితే అదే వంటిల్లు, రాత్రికి అదే పడకగది. అడివివరంలో బండి విప్పి, మెట్లెక్కి కొండ మీదికి వెళ్లేవారు.

రెండు చక్రాల బండికి ఒక గుణం ఉంది. అది ఇరుసు మీద తక్కెడలా నిలుస్తుంది. సామాను ముందుకి ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద అణిగి మూపురం దగ్గర పుండు పడుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కిందున్న తాడు ఎద్దు గొంతుకి బిగుస్తుంది. అందుకే బరువు ఇరుసుకి కాస్త ముందు ఉండాలి. కాడి మెడ మీద ఆనాలి కాని అణచకూడదు. పల్లంలో సంగతి వేరు. అక్కడ లాగేది ఎద్దులు కాదు, బండే ఎద్దుల్ని తోస్తుంది. ఆ తోపుని ఆపగలిగితేనే అది మంచి జత.

ఒక ఏడు చుట్టాలెవరో అదనంగా రెండు బస్తాలు వెనక వేయించారట. ఒక దిగుడులో దాపలి ఎద్దు గొంతు బిగిసి మోకాళ్ల మీద కూలబడింది. తాతయ్య చేతికర్ర తీసేలోపే నాయనమ్మ కిందకి దూకి, అందర్నీ దింపి, బస్తాలు ముందుకి జరిపించి, పిల్లల్ని చంకనేసుకుని దిగుడు చివరిదాకా నడిచిందట. ఆ రోజు నుంచి బండిలో ఏది ఎక్కడ పెట్టాలో నాయనమ్మే చెప్పేది. సంతలో పళ్లు లెక్కపెట్టి, సుడులు చూసి, డెక్కలు తట్టి ఎద్దుల్ని కొనేది తాతయ్య. ఆ ఎద్దులు ఎంత మోస్తాయో నిర్ణయించేది మాత్రం నాయనమ్మ, ఎందుకంటే ఇంటి బరువు ఆవిడకే తెలుసు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

ఇల్లు వెంటబెట్టుకుని ప్రయాణం చేయడం మనకేం కొత్త కాదు. బి.ఏ.లో చదివిన ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' గుర్తొచ్చింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. పదిహేను నెలలకి పైనే. తిరుగు దారిలో జగన్నాథం నుంచి మన ఉత్తర సర్కారుల మీదుగానే మద్రాసు వెళ్లారు. వెంట దాదాపు నూరుమంది పరివారం, డేరాలు, వంట సామాను, సవారీ మోసే బోయీలు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. సవారీలో లాగడం అన్న మాటే లేదు, అంతా మోయడమే. ఎక్కిన మనిషి బరువు, పెట్టిన దిండు బరువు నేరుగా బోయీల భుజం మీదే పడతాయి.

మన ఏజెన్సీ కొండల్లో బండి దారి లేని చోట్ల కూడా అంతే. తీరం నుంచి ఉప్పు బస్తాలు జయపురం వైపు ఎక్కించిన బంజారాలు బండ్లు కట్టలేదు, ఎద్దుల వీపు మీదే వేశారు. పిల్లాపాపా, వంటపాత్రలూ ఆ మందతోనే కదిలేవి. లాగడం వేరు, మోయడం వేరు. ఈ తేడా వాళ్లకి పుస్తకం చదివితే వచ్చింది కాదు.

1890లలో తూర్పు తీరం వెంట రైలు వచ్చింది. 1933లో మన పోర్టు తెరిచారు. దూరాభారపు బండి ప్రయాణాలు మెల్లగా తగ్గిపోయాయి. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు కదా, సరిగ్గా రైళ్లు పెరిగిన ఆ కాలంలోనే ఇంగ్లండులో ఒకాయన బండిని ఓడ చేశాడు. గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు 1885లో సరదా ప్రయాణానికని పడక, వంట సదుపాయాలున్న బండి ఒకటి చేయించుకుని దానికి 'వాండరర్' అని పేరు పెట్టాడు. నేల మీది ఓడ అని మురిసిపోయాడు. దాన్ని లాగింది మాత్రం రెండు గుర్రాలే.

అమెరికాలో ఈ కథ మన ఆడవాళ్లకి బాగా నచ్చుతుంది. 1920లలో వాలీ బయమ్ అనే ఆయన భార్య మేరియన్‌ని డేరా విహారానికి తీసుకెళ్లేవాడు. నేల మీద పడుకోవడం, వంటిల్లు లేకపోవడం తన వల్ల కాదని ఆవిడ చెప్పేసింది. దాంతో ఆయన ఒక ఫోర్డ్ మోడల్-టి కారు చట్రం మీద డేరా కట్టాడు. తర్వాత దాన్ని చెక్క గదిగా మార్చి, అందులో పొయ్యి, ఐసు పెట్టె అమర్చాడు. వెండి రంగులో మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల కంపెనీకి మూలం అదే. ఆ వ్యాపారం మొదలైంది ఒక ఇల్లాలు వంటిల్లు అడగడంతో!

లాగే బండి కథ కూడా ఆ రోజులదే. 1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్-టికి వెనక తొట్టి బిగించి, పికప్ బాడీ అన్న పేరుతో 281 డాలర్లకి అమ్మింది. అప్పటిదాకా రైతులు కారు కొని, వెనక భాగం కోసి, సొంతంగా చెక్కపెట్టె పెట్టుకునేవారు. అంటే పికప్ పుట్టుకే మోయడానికి. ఎంత లాగుతుందన్న గొప్పలు తర్వాత వచ్చాయి.

మన దేశంలో పికప్ అంటే ఇప్పటికీ కూరగాయలు, నీళ్ల క్యాన్లు. అయినా పెద్ద పికప్‌లు మన రాష్ట్రంలోనూ తయారవుతున్నాయి. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. కాని వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని సెలవులకి వెళ్లే అలవాటే మనకింకా లేదు. లాగుడు బండి శాస్త్రం మాత్రం మన వైజాగ్ వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. పోర్టు పక్కన రవాణా ఆఫీసులో పనిచేసే మా ఆయన ఎప్పుడూ అంటారు, ఊచల లోడు నాలుగడుగులు వెనక్కి పడితే ముందు బండి స్టీరింగ్ తేలిపోతుందని. ఎద్దు మెడ మీంచి కాడి లేవడం అంటే ఇదే కదా!

ఇదంతా తలుచుకుని ఆ రాత్రే మా మరదలికి ఫోన్ చేశాను. "అమ్మాయ్, మీ ఆయన లాగే లెక్క చెప్తున్నాడు. మోసే లెక్క ఎక్కడ రాసి ఉంటుందో చూడు." అది డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుందట. మనుషులు, సామాను కలిపి ఇంతకి మించకూడదని. ఒకే మోడల్ అయినా బండి బండికీ మారుతుందట. హంగులు పెరిగిన కొద్దీ ఆ అంకె తగ్గుతుంది, ఎందుకంటే లెదర్ సీట్లు, అద్దం కప్పు కూడా ఆ బండి మోయాల్సిన బరువే. వాడు మెచ్చిన బండికి అది 640 కిలోలు.

ఇద్దరం కాగితం తీసుకుని కూర్చున్నాం. ఖాళీ ట్రైలర్ 1,600. అందులో నీళ్లు లీటరుకి కిలో, గ్యాస్ సిలిండర్లు, పరుపులు, గిన్నెలు, బట్టలు, బియ్యం, పప్పులు కలిపితే 2,050 దాటింది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక కొక్కెం మీద నిలవాలట. అంతకంటే తక్కువైతే, అంటే బరువు వెనక్కి పోతే, వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది. అక్కడా కాడి లేవకూడదన్న మాట. సుమారు 12 శాతం అనుకుంటే 250 కిలోలు. నలుగురు పెద్దలు, పిల్లాడు కలిపి 330. వెనక తొట్టిలో కుర్చీలు, జనరేటరు, ఐసు పెట్టె 90. మొత్తం 670. స్టిక్కర్ మీద 640.

లాగడంలో ఇంకా 1,500 కిలోల వెసులుబాటు ఉంది. మోయడంలో 30 కిలోలు దాటిపోయింది. అదీ కొండ దిగుళ్లలో, మా అమ్మా నాన్నా కూర్చున్న బండిలో.

"వదినా, షోరూములో ఎవరూ ఈ లెక్క అడగలేదు," అంది మరదలు. ఎందుకు అడుగుతారు? పప్పు డబ్బాలు ఎన్ని పెడతామో, కుక్కరు ఎంత బరువో, అమ్మకి ఎన్ని నీళ్లు కావాలో వాళ్లకేం తెలుసు? మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి బండి కొంటుంటే మోసే అంకె మీరే అడగండి. సామాను మీరే తూచండి. ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉన్నాయా, ట్రక్కులోంచి వాటిని నొక్కే ఏర్పాటుందా అని కూడా అడగండి. దిగుడులో దాపలి ఎద్దు ఒక్కదానిమీదే భారం పడకూడదు.

తమ్ముడు రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. తర్వాత వాడే తూనిక కేంద్రానికి ట్రైలర్ తీసుకెళ్లి తూయించాడు. మా కాగితం లెక్కకి పెద్ద తేడా రాలేదు. అద్దం కప్పు లేని మామూలు బండి తీసుకున్నాడు, దానికి మోసే అంకె 820. వాడి మనసులో ఆ లెదర్ సీట్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు.

నిన్న ట్రక్కుకి ట్రైలర్ తగిలించి ఫొటో పంపాడు. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ని దగ్గరికీ దూరానికీ పట్టి చాలాసేపు చూశారు.

"నేలకి సమంగానే ఉంది," అన్నారు చివరికి. "మీ అమ్మ పచ్చడి జాడీలు మట్టుకు ఇరుసుకి ముందు పెట్టమను."